ఇంటి వైద్యము: మొదటి మోతాదు ఎవరిది?



గడచిన మాసమున ఒక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె తమ్ముడు హైదరాబాదున చదువుకొనుచున్నాడట. అచ్చట నొక పరీక్షాలయమువారు క్రొత్తగా తయారు చేసిన మూలికా ఔషధమును ఆరోగ్యవంతులైన పడుచువారి కిచ్చి పరీక్షింపనున్నారనియు, కొన్ని దినములు వారికడ నుండినవారికి ధన మిత్తురనియు స్నేహితునివలన విని, తానును పేరు వ్రాయించుకొందునని యక్కకు తెలిపెనట. "ఆకులు అలములే గదా అక్కా! మందులషాపులోని మందు కాదు. దానివలన నేమి భయము?" అని యాతని మాట. "వలదందునా, వెళ్ళుమందునా? అమ్మతో చెప్పవలెనా, మానవలెనా?" అని యామె ప్రశ్న.

ఈ జాబునకు అవుననియో కాదనియో ఒక్కమాటతో జవాబు వ్రాయుట సులభమే. కాని న్యాయము కాదు. ఆ చిన్నవాని మాటలో రెండు సంగతులు చిక్కుపడియున్నవి. ఆకుమందు హాని చేయదను నమ్మకము ఒకటి. రోగము లేని దేహమును మందు పరీక్షకు ఒప్పగించుట రెండవది. ఈ రెంటిని విడదీసి చూచినగాని మన సోదరికి మేలైన సలహా దొరకదు.

మొదటిది మన యిండ్లలో తరచుగా వినబడు మాటయే. ఐనను మన పెద్దలు దానిని పూర్తిగా నమ్మలేదు. గన్నేరు కాయ నోట పెట్టుకొనబోవు బిడ్డచేతిపై చరచని తల్లి కలదా? ఉమ్మెత్త విషమనియు, ముషిణి గింజ ప్రాణాంతకమనియు మన యవ్వలకు తెలియును. అవియన్నియు చెట్లనుండి వచ్చినవే. చెట్టునుండి వచ్చినందున నేదియు అమృతము కాదు, సీసాలో నున్నందున నేదియు విషము కాదు. ఏ పదార్థము, ఎంత, ఎవరికి, ఎన్ని దినములు అనునవియే మేలుకీళ్ళను నిర్ణయించును.

బిళ్ళగన్నేరు సంగతి చూడుడు. ఈ మొక్క లేని పెరడు మనలో నరుదు. మధుమేహమునకు మంచిదని దీని యాకులను ఉదయముననే నమలువారు నేటికిని ఉన్నారు. జమైకా ద్వీపమునందును ఇట్టి నమ్మకమే యుండెను. 1952లో అచ్చటి యాకులు కెనడా దేశమునకు చేరగా, రాబర్టు నోబిల్, చార్లెసు బీర్ అను శాస్త్రజ్ఞులు వాని సారమును ఎలుకలపై పరీక్షించిరి. నోట పోసినప్పుడు చక్కెరపై చెప్పదగిన ఫలము కనబడలేదు. సూదిద్వారా ఎక్కించినప్పుడు ఎలుకల నెత్తుటిలోని తెల్లకణములు తగ్గిపోయి, అవి అంటువ్యాధులచే చచ్చినవి. ఆ హానినుండియే వారొక మేలు వెదకిరి. తెల్లకణములు మితిమీరి పెరుగు నెత్తుటి క్యాన్సరునకు ఇది పనికివచ్చునేమోయని యోచించి, 1958 నాటికి విన్‌బ్లాస్టిన్ అను పదార్థమును వేరుచేసిరి. తరువాత ఆ మొక్కనుండియే లభించిన విన్‌క్రిస్టిన్ నేడు ఎందరో పసిబిడ్డల ప్రాణములు నిలుపుచున్నది. ఐతే ఇట్టి తీక్షణమైన మందులను రోగము లేనివారికిచ్చి చూచుట తగదు. క్యాన్సరు మందుల మొదటి పరీక్షలు సామాన్యముగా రోగులయందే జరుగుట అందువలననే. పెరటి మొక్కయని మనము నమలు ఆకులో ఎట్టి శక్తి దాగియున్నదో చూచితిరా?

ఇక రెండవ సంగతి. క్రొత్త మందు నెవరో యొకరు మొదట పుచ్చుకొనవలసినదే. ఆ మొదటివా రెవరు? పూర్వము ఐరోపాలోని కొందరు వైద్యులు తామే యా పని చేసిరి. వియన్నా నగరమున ఆంటన్ స్టోర్క్ అను వైద్యుడు హెమ్లాక్ అను విషపు మొక్కను మందుగా వాడదలచి, 1760లో తన పరీక్షలను ప్రకటించెను. మొదట నొక కుక్కకు పెట్టెను. దానికి కీడు కలుగకపోగా తాను బహు స్వల్పముగా పుచ్చుకొని, దినదినమును గమనించుచు మోతాదు పెంచెను. పచ్చివేరు పాలను నాలుకకు తగిలించుకొనినప్పుడు నాలుక వాచి కొంతసేపు మాట పెగలలేదట. ముందు జంతువు, పిదప మనుష్యుడు, ముందు కొంచెము, పిదప మరికొంచెము అను క్రమము మనకు అతనియందు స్పష్టముగా కనబడుచున్నది.

అందరును ఇంత నెమ్మదిగా నడువలేదు. నల్లమందునుండి మార్ఫిన్‌ను వేరుచేసిన సెర్ట్యూర్నర్ అను జర్మను ఔషధకారుడు దాని శక్తిని తెలిసికొనుటకు తనతోపాటు ముగ్గురు చిన్నవాండ్రకు దాని నిచ్చెను. వారిలో నెవరికిని 17 ఏండ్లు మించలేదు. అర గ్రెయిను మొదట; అరగంటకు మరల అంత; పావుగంటకు మరల అంత. నలుగురును మత్తులో మునిగి ప్రమాదస్థితికి రాగా, ఘాటైన పులిసిన ద్రావకమును త్రాగి త్రాగించి వాంతి చేయించి గట్టెక్కిరి. 1817లో అతడే ఈ సంగతిని ప్రచురించెను. మార్ఫిన్ లోకమునకు మహోపకారము చేసిన మాట నిజమే. కాని ఆ ముగ్గురి తల్లులను ఎవరైన అడిగిరా? ఆ పిల్లలకు తాము త్రాగున దేమో తెలిసెనా? ఒకనాడు మన పల్లెలలో పసివానికి నిద్ర పట్టుటకు నల్లమందు నాకించు దురాచారముండెడిది. ఆ తల్లికి దాని బలము తెలియదు. సెర్ట్యూర్నరునకును ఆనాటికి పూర్తిగా తెలియదు. తెలియనివాడు తెలియనివారికి త్రాగించుటయే యిందలి దోషము.

ఎడింబరో నగరపు ఆచార్యుడు రాబర్టు క్రిస్టిసన్ కథయు చెప్పదగినదే. ఆఫ్రికాలోని కాలబార్ ప్రాంతమున నేరము మోపబడినవానిచే ఒక విషపు గింజను తినిపించి, వాంతి చేసికొని బ్రదికిన నిర్దోషి, చచ్చిన దోషి యని తీర్పు చెప్పు ఆచారముండెను. క్రిస్టిసన్ 1855లో ఆ గింజలో కొంత భాగము తాను తినిచూచెను. మొదట నేమియు తోచక, మరునా డుదయమున మరికొంత తినగా తల తిరిగి దేహము స్వాధీనము తప్పసాగెను. చేతికందిన గడ్డము గీచికొనిన నీళ్ళనే త్రాగి వాంతి చేసికొని బ్రదికెను. ఆ గింజనుండి లభించిన ఫైసోస్టిగ్మిన్ తరువాత నీటికాసుల వ్యాధికి కంటిమందైనది. వీరి సాహసము మెచ్చదగినది. కాని ఒక్క మనుష్యుని దేహముపై ఒక్క దినమున కనబడినది అందరికిని ప్రమాణము కానేరదు.

ఇప్పుడు మనకు మిక్కిలి దగ్గరగా తోచు ఒక స్త్రీ చరిత్ర చెప్పెదను. వినాయకచవితినాటి పత్రిలో మాచిపత్రి మనకు తెలిసినదే. జడలో పెట్టుకొను దవనమును తెలిసినదే. ఈ రెండును ఒకే జాతి మొక్కలు. ఆ జాతిలోనిదే చీనాదేశీయులు చింగ్‌హావ్ అని పిలుచు మొక్క. చలిజ్వరమునకు, అనగా మలేరియాకు, నేడు లోకమంతట వాడు ఆర్టెమిసినిన్ దానినుండియే వచ్చినది. మన దవనమునందు ఆ మందు గుణమున్నదని యెవరును భ్రమపడకుందురుగాక. అక్కచెల్లెండ్ర పోలిక ఒకటైనను స్వభావములు వేరు గదా!

దానిని కనుగొన్నది తూ యూయూ అను స్త్రీ. ఆమె 1930లో నింగ్‌పో నగరమున జన్మించెను. వియత్నాము యుద్ధకాలమున పాత మందులకు లొంగని మలేరియా ప్రబలగా, చీనా ప్రభుత్వము 1967 మే 23న ఒక రహస్య పరిశోధన నారంభించెను. ఆ తేదీనిబట్టియే దానికి 523 అని పేరు. 1969లో బీజింగులోని సంప్రదాయ వైద్య పరిశోధనాలయమున ఒక బృందమునకు ఈమెను నాయకురాలిని చేసిరి. ఈమె ఇద్దరు ఆడబిడ్డల తల్లి. భర్తను గ్రామసీమకు పంపివేసియుండిరి. పెద్దబిడ్డను పిల్లలను రాత్రింబవళ్ళు ఉంచుకొను పాఠశాలలో విడిచి, చిన్నదానిని నింగ్‌పోలోని తన తల్లిదండ్రులకడ నుంచి ఆమె పనికి బోయెను. పిదప తిరిగివచ్చినప్పుడు బిడ్డ తల్లిని గుర్తింపలేకపోయెనట. విజయముల జాబితాలో చేరని ఇట్టి నష్టము మన స్త్రీల కందరకు తెలియును.

ఆమె ప్రాచీన గ్రంథములు తిరుగవేసి, వృద్ధవైద్యుల నడిగి 2000 యోగములను సేకరించెను. 200 మూలికలనుండి 380కి పైగా సారములు తీసి ఎలుకలపై పరీక్షించిరి. చింగ్‌హావ్ ఒకసారి ఫలించును, ఒకసారి విఫలమగును. కారణము తోచక గ్రంథములు మరల చూడగా, నాలుగవ శతాబ్దివాడైన గ హోంగ్ అను వైద్యుడు ఈ ఆకును నీట నానబెట్టి పిండి ఆ రసమును త్రాగవలెనని వ్రాసియుండెను. కాచుమని వ్రాయలేదు! కషాయము కాచుటకును పసరు పిండుటకును గల భేదము వంటయింటి స్త్రీకి వేరుగ చెప్పవలెనా? వేడి దాని గుణమును చెరచుచున్నదని తూ యూయూ గ్రహించి, తక్కువ వేడిలోనే ఆవిరియగు ఈథరుతో సారము తీసెను. 1971 అక్టోబరు 4న 191వ సంఖ్యగల సారము ఎలుకల మలేరియాను పూర్తిగా హరించెను. ఆకులు తప్ప కాడలు పనికిరావనియు, కోయు కాలమును పెరుగు ప్రదేశమును బట్టి బలము మారుననియు కూడ తెలిసినది. ఒకే పేరుగల ఆకుమందు ఒక యింట పనిచేసి మరియొక యింట పనిచేయకపోవుటకు ఇట్టి కారణములే యుండును.

ఇంతలో నొక చిక్కు వచ్చిపడెను. కొన్ని జంతువులయందు మందు హాని చేసెనేమోయను సందేహము పుట్టినది. సందేహము తీరువరకు ఆగినచో ఆ యేటి మలేరియా కాలము దాటిపోవును; మరియొక యేడు వేచియుండవలెను. అప్పుడు తూ యూయూ తానే మొదట పుచ్చుకొందునని అనుమతి యడిగెను. 1972 జూలైలో ఆమెయు, ఇద్దరు సహచరులును బీజింగులోని ఆస్పత్రిలో చేరి, వైద్యుల కనుసన్నల నొక వారము దినములు ఆ సారమును సేవించిరి. కీడు కనబడలేదు. పిదప మరి ఐదుగురు హెచ్చు మోతాదు పుచ్చుకొనిరి. అప్పుడుగాని హైనాన్ ద్వీపమునకు బోయి 21 మంది రోగులకు ఇయ్యలేదు. జ్వరము తగ్గినది. ఆ నవంబరుననే స్వచ్ఛమైన ఆర్టెమిసినిన్ స్ఫటికములు లభించినవి. 2015లో ఆమెకు వైద్యశాస్త్రమున నోబెల్ బహుమానమున భాగము లభించెను.

ఈ కథ వినగా గుండె పొంగును. ఐనను ఒక ప్రశ్న వేసికొనవలెను. పైయధికారియే ముందు త్రాగినప్పుడు, ఆమె క్రింద పనిచేయువాడు నేను త్రాగనని యనగలడా? ఆ ఇద్దరును మనసార ఒప్పుకొనియే యుందురు. కాని ఒప్పుకొనుటకు విలువ రావలెనన్నచో కాదనుటకు చోటుండవలెను. అందుచేతనే నేటి నియమములు విద్యార్థులను, ఉద్యోగులను, ఖైదీలను ప్రత్యేక రక్షణ కావలసినవారిగా నెంచుచున్నవి.

ధనము మాటయు నిట్టిదే. మన సికింద్రాబాదుననే 1897 ఆగస్టులో రొనాల్డు రాస్ దోమకడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. ఆ దోమలకు నెత్తురిచ్చినవాడు హుసేన్ ఖాన్ అను రోగి. తన్ను కుట్టిన ఒక్కొక్క దోమకు ఒక్కొక్క అణా చొప్పున వానికి ముట్టెను. రాస్‌కు నోబెల్ బహుమానము వచ్చెను. హుసేన్ ఖాన్‌కు అణాలు దక్కెను. ఇచ్చిన ధనము తప్పని నేననను. అది పోయిన కాలమునకును పడిన శ్రమకును ప్రతిఫలము కావలెనుగాని, అవసరములో నున్నవాని కన్నులను గప్పు ఆశ కాగూడదు.

మరియొక హెచ్చరిక. కొలది దినముల పరీక్షలో బయటపడని హానులు కలవు. 1990 తరువాతి యేండ్లలో బ్రస్సెల్సు నగరమున శరీరము సన్నబడుటకై మూలికలు చేర్చిన మాత్రలు మ్రింగిన స్త్రీలకు మూత్రపిండములు చెడినవి. ఒక మూలికకు బదులు అరిస్టొలోకియా అను వేరొక విషపు మొక్క చేరుటయే కారణమని తేలినది. అట్లు చెడినవారు నూరుమందికి పైగా లెక్కకు వచ్చిరి. వారిలో కొందరికి తరువాత మూత్రనాళముల క్యాన్సరు సోకినది. మొదటి వారము వారిని పరీక్షించియున్నచో అందరును ఆరోగ్యవంతులే! కావున "పరీక్షలో నేమియు కాలేదు" అనునప్పుడు ఎన్ని దినముల పరీక్షయని యడుగవలెను.

స్త్రీల సంగతి వేరుగ చెప్పవలసియున్నది. 1977లో అమెరికా ప్రభుత్వ ఔషధశాఖ బిడ్డలను కనదగిన వయస్సుగల స్త్రీలను తొలి పరీక్షలనుండి తొలగించెను. గర్భస్థశిశువును కాపాడవలెనను ఉద్దేశము మంచిదే; కాని దానివలన పురుష దేహమునకు తగిన మోతాదే స్త్రీలకును వచ్చెను. 1993లో ఆ నియమమును మార్చిరి. ఆర్టెమిసినిన్‌ను మొదట త్రాగినది స్త్రీయే యైనను, గర్భిణులకు మొదటి మూడు మాసములలో ఈ జాతి మందును చాలకాలము ఇయ్యక జంకిరి. 2022లోగాని ప్రపంచ ఆరోగ్య సంస్థ వానిలో నొక జంటమందును ఆ మాసములలో వాడవచ్చునని చెప్పలేదు.

నేడు క్రమ మేమనగా: మొదట జంతువులపై విషపరీక్ష, పిదప సామాన్యముగా 20 నుండి 80 మంది ఆరోగ్యవంతులకు, జంతువులకు హానిచేయని మోతాదులో అల్పాంశముతో ఆరంభించి, నెత్తురు, గుండె, కాలేయము గమనించుచు మెట్టుమెట్టుగా హెచ్చించుట. మన దేశమున 2015లో శుద్ధిచేసిన మూలికాసారములను గూడ ఇట్టి పరీక్షల క్రిందికి తెచ్చిరి. 2019 నాటి నియమముల ప్రకారము కనీసము ఏడుగురు సభ్యులుగల నీతిసంఘము అనుమతింపనిదే పరీక్ష జరుగరాదు. ఆ సంఘమున ఒక స్త్రీయు, వైద్యము చదువని ఒక సామాన్యవ్యక్తియు ఉండితీరవలెను.

కావున సోదరీ, మీ తమ్మునితో ఈ ప్రశ్నలు వేసి రమ్మని చెప్పుడు. ఈ మందు మనుష్యులకు ఇదే మొదటిసారి యిచ్చుచున్నారా, లేక ఇదివరకే వాడుకలో నున్నదా? జంతువులయందు ఏ హాని కనబడినది? ఏ నీతిసంఘము అనుమతించినది? దేశపు పరీక్షల పట్టికలో దీని సంఖ్య యేది? అంగీకారపత్రము తెలుగున నున్నదా, దాని ప్రతి యింటికి తెచ్చుకొనవచ్చునా? నడుమ మానుకొన్నచో ఏమనెదరు? కీడు కలిగినచో ఉచితవైద్యమును నష్టపరిహారమును ఎవరిత్తురు, రాత్రివేళ ఎవరిని పిలువవలెను? వీనికి విసుగులేక జవాబు చెప్పనిచోట సంతకము పెట్టనక్కరలేదు. ఎప్పుడైనను, కారణము చెప్పకయే, మానుకొను హక్కు వానికి కలదు.

మరి రెండు మాటలు వానికి గట్టిగా చెప్పుడు. ఒక పరీక్ష ముగిసిన కొలది దినములకే ధనమునకై మరియొక చోట చేరి, మొదటిదానిని దాచగూడదు. రెండు మందులు దేహమున కలిసి వానికి కీడు చేయవచ్చును; ఆ తప్పుడు లెక్కవలన రేపు రోగికి కీడు కలుగవచ్చును. తాను వాడు మందులను, ఇంట త్రాగు కషాయములతో సహా, దాచక చెప్పవలెను.

అమ్మతో చెప్పవలెనా యని గదా మీ చివరి ప్రశ్న. తప్పక చెప్పుడు. యుక్తవయస్కుని సంతకము వానిదే. తల్లి యనుమతి చట్టమునకు అక్కరలేదు. కాని తల్లికి చెప్పుటకు వెనుదీయు పని యేదైనను మరియొకసారి యోచింపదగినదే. ఆమెకు వివరించుటకు వాడు పూనుకొన్నచో, తనకే యెంత తెలియునో, ఎంత తెలియదో బయటపడును. అన్నియు తెలిసి వెళ్ళినచో వానిని మందలింపకుడు. మనము జ్వరము వచ్చినప్పుడు మ్రింగు ప్రతి మాత్రకు ముందు ఎవరో పేరు తెలియని యొక బిడ్డ తన చేయి చాపియే యుండెను. అప్పు తీర్చుటకొరకే వెళ్ళుచున్నచో, ఆ అప్పు సంగతి ముందు యింట కూర్చుండి మాటలాడుకొనుడు. దానికి వేరు మందు దొరకవచ్చును.

ఇక మనమాట. పెరటి ఆకునైనను, పొరుగమ్మ చెప్పిన పొడినైనను పసిబిడ్డకు, గర్భిణికి, ఇదివరకే మందులు వాడు పెద్దలకు ఇచ్చుటకు ముందు ఒక్క క్షణమాగి, ఇది యేమి, ఎంత, ఎన్నాళ్ళు అని వైద్యుని అడుగుదము. తూ యూయూ తన దేహమును పరీక్ష కిచ్చునప్పుడు వైద్యుల యెదుట, లెక్కతో, తెలిసి యిచ్చెను. ఇంటిల్లిపాదిమీద తెలియకయే పరీక్షలు చేయుట మనకు తగదు.